అమ్మ చెప్పింది సరే, మూలం ఏదీ?

మా అమ్మా, ఒక పాత సినిమా నటీ ఒకే బడిలో చదువుకున్నారు. సింగరాయకొండకు దగ్గర్లో మా ఊరి పెంకుటింటి బడి అది. తర్వాత ఆవిడ నాటకాల్లోకి వెళ్ళారు, అక్కణ్ణుంచి మద్రాసు వెళ్ళి చాలా ఏళ్ళు సినిమాల్లో నటించారు. ఇప్పుడు పెద్దవయసులో చెన్నైలోనే ఉంటున్నారు. ఆవిడ పేరు ఇక్కడ రాయను. ఎందుకు రాయలేదో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

రెండేళ్ళ కిందట వేసవి సెలవుల్లో, ఒక రాత్రి తెలుగు వికీపీడియాలో ఆవిడ పేజీ తెరిచి అమ్మకు చదివి వినిపించాను. పుట్టిన సంవత్సరం 1949 అని ఉంది. అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "అదేందే, దాన్ని నాకంటే పెద్దదాన్ని చేశారు! అది నాకంటే ఏడాది చిన్నది" అంది. అమ్మది 1952. అంటే ఆవిడది 1953 కావాలి. ఊరి పేరు కూడా తప్పే, 'ళ' ఉండాల్సిన చోట 'ల' పడింది. నేను ఒంగోలు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచర్ని. తప్పు కనపడితే నా చెయ్యి ఊరుకోదు. అప్పటికప్పుడు ఖాతా తెరిచాను. 1949 తీసేసి 1953 అని రాశాను, ఊరి పేరు దిద్దాను, పడుకున్నాను.

పొద్దున్నే చూస్తే మళ్ళీ 1949. ఊరి పేరు మాత్రం నేను దిద్దినట్టే ఉంచారు. పేజీ చరిత్రలో నా మార్పు పైన ఒక్క వాక్యం: "మూలం ఇవ్వనందున పుట్టిన సంవత్సరం మార్పును తిరగ్గొట్టాను."

నాకు చాలా కోపం వచ్చింది. చర్చా పేజీలో పెద్ద పేరా రాశాను. ఆవిడ మా ఊరావిడ, మా అమ్మ ఆవిడతో కలిసి ఆడుకుంది, ఊళ్ళో ఎవర్ని అడిగినా చెబుతారు, ఎక్కడో కూర్చున్న మీకు మాకంటే ఎక్కువ తెలుసా అని అడిగాను. సాయంత్రానికి జవాబు వచ్చింది. రాసినాయన నన్ను 'గారు' అనే సంబోధించారు. "మీ అమ్మగారి మాట అబద్ధమని నేను అనడం లేదండీ. కానీ రేపు శ్రీకాకుళంలో ఈ పేజీ చదివే విద్యార్థి మీ అమ్మగారిని ఎక్కడికి వచ్చి అడగాలి? అచ్చయిన మూలం ఏదైనా ఉంటే చెప్పండి, నేనే మారుస్తాను" అన్నారు. కింద రెండు లింకులు ఇచ్చారు. ఒకటి నిర్ధారత్వం గురించి, అంటే రాసింది ఎవరైనా సరిచూసుకునేలా ఉండాలని; ఇంకోటి మౌలిక పరిశోధన కూడదు అనే నియమం గురించి.

ఆ రెండూ ఆ రాత్రే చదివాను. వికీపీడియాలో రాసేవాడు తనకు తెలిసింది రాయడు. ఎక్కడో బాధ్యతగా అచ్చయినదాన్ని తన మాటల్లో చెప్పి, అది ఎక్కడుందో చూపిస్తాడు. మా అమ్మ జ్ఞాపకాన్ని నేను మొదటిసారి అక్కడ రాస్తే అది పరిశోధన అవుతుంది. ఆ పని పత్రికలూ పుస్తకాలూ చెయ్యాలి. అమెరికన్ నవలా రచయిత ఫిలిప్ రాత్‌కు కూడా 2012లో ఇదే ఎదురైంది. తన నవలకు ప్రేరణ ఎవరన్నది పేజీలో తప్పుగా ఉందని ఆయనే చెబితే, మరో మూలం కావాలన్నారు. ఆయన న్యూయార్కర్‌ పత్రికలో బహిరంగ లేఖ రాశాడు. అది అచ్చయ్యాక పేజీలో దాన్ని ఉదహరించారు. రాసినవాడి మాటే సరిపోనప్పుడు మా అమ్మ మాట సరిపోలేదని కోపం తెచ్చుకోవడం తప్పనిపించింది.

సరే, నా మాటకు మూలం లేదు. మరి 1949కి ఉందా? పేజీ కింద ఒక వార్తల పోర్టల్ వ్యాసం లింకు ఉంది. తెరిచాను. "... గ్రామంలో 1949లో జన్మించారు" అని ఉంది. ఆ ఊరి పేరులో అదే 'ల'!

రాత్రి పదకొండు గంటల దాకా పేజీ చరిత్ర ఒక్కొక్క మెట్టూ కిందికి దిగుతూ పోయాను. 2011లో ఎవరో ఒక అజ్ఞాత వాడుకరి ఏ మూలమూ లేకుండా 1949 అని, ఊరి పేరులో 'ల'తో రాశారు. పోర్టల్ వ్యాసం తేదీ 2014. అందులో మొదటి నాలుగు వాక్యాలు వికీపీడియా వాక్యాలే, కామాతో సహా. 2016లో ఇంకో వాడుకరి ఆ వాక్యం పక్కన 'ఆధారం చూపాలి' అన్న గుర్తు చూసి, మంచి మనసుతోనే వెతికి, ఈ పోర్టల్ లింకు తెచ్చి పెట్టారు. అంటే వికీపీడియాలోంచి పోయిన అంకె ఒక ఊరు తిరిగి, సాక్ష్యం వేషం వేసుకుని వికీపీడియాకే వచ్చింది. పరీక్షలో ఇద్దరు పిల్లలు ఒకే తప్పు రాస్తే ఎవరు ఎవర్ని చూసి రాశారో నాకు ఇట్టే తెలుస్తుంది. ఇక్కడా ఆ 'ల' పట్టిచ్చింది.

దీన్ని మూడు తేదీలతో సహా చర్చా పేజీలో పెట్టాను. నా మార్పు తిరగ్గొట్టినాయనే ముందు స్పందించారు. "మంచి పని చేశారు. ఈ మూలం పనికిరాదు" అని 1949నీ, లింకునీ తీసేశారు. పేజీ పక్కన ముఖ్య వివరాలుండే సమాచారపెట్టెలో పుట్టిన సంవత్సరం ఖాళీగా మిగిలింది. తప్పు అంకె కంటే ఖాళీ గడి నయమని అప్పుడు నాకు అనిపించలేదు. ఖాళీ చూస్తే పూరించాలనిపిస్తుంది.

ఆ పూరించే దారి నా చేతిలోనే ఉన్నట్టు కనిపించింది. మా ఊరి బడి హెడ్మాస్టరు గారు నాకు తెలిసినవారే. ఏదో మాటల్లో ఈ సంగతి చెబితే, "పాత అడ్మిషన్ రిజిస్టర్లు బీరువాలో ఉన్నాయి మేడం, చూద్దాం రండి" అన్నారు. వెళ్ళాను. ఎర్ర గుడ్డ అట్ట, చెదలు తిన్న అంచులు, నీలం సిరా. ఆవిడ పేరు దొరికింది. తండ్రి పేరు, కులం, వృత్తి, పుట్టిన తేదీ: 1-7-1950. ఫోన్లో ఫోటో తీసుకున్నాను. తర్వాత ఆ పేజీలో పైకీ కిందికీ చూశాను. వరసగా పదకొండుమంది పిల్లల్లో ఏడుగురు జులై ఒకటిన పుట్టారు! మా అమ్మ కూడా వాళ్ళలో ఒకతి. బడిలో చేర్చే రోజున అయ్యవారు పిల్ల ఎత్తు చూసి వేసిన పుట్టినరోజులు అవి. ఆ తరంవాళ్ళ సర్టిఫికెట్లు చూసినవాళ్ళకెవరికైనా ఇది తెలిసిన సంగతే. అమ్మ 1952 అని ఇన్నాళ్ళూ చెప్పుకుంటున్నది కూడా ఆ అయ్యవారు వేసిందే.

ఆ ఫోటో నేను ఎక్కడా పెట్టలేదు. బతికున్న మనిషి పుట్టిన తేదీ ప్రభుత్వ కాగితాల్లోంచి తవ్వి తెచ్చి పెట్టకూడదని జీవించి ఉన్న వ్యక్తుల జీవిత చరిత్రల నియమం స్పష్టంగా చెబుతుంది. ఆ తేదీ ఆ మనిషే చెప్పుకున్నదో, నమ్మదగిన చోట్ల విరివిగా వచ్చిందో అయుండాలి. నియమం లేకపోయినా పెట్టకూడదని ఆ బీరువా ముందు నిలబడ్డప్పుడే అనిపించింది. ఆ రిజిస్టర్లో ఆవిడ ఒక్కతే లేదు, వాళ్ళ నాన్న వృత్తి ఉంది, కులం ఉంది. ఆ ఇంటి సంగతులు లోకానికి చెప్పే హక్కు నాకు ఎవరిచ్చారు? ఫోటో ఫోన్లోంచి కూడా తీసేశాను.

ఊరు విషయం తేలిగ్గా తేలుతుందనుకున్నాను గానీ అందులోనూ పేచీ వచ్చింది. ఒకాయన జిల్లా 'నెల్లూరు' అని మార్చారు, ఇంకొకరు 'ప్రకాశం' అని మార్చారు. ఇద్దరిదీ నిజమే. ఆవిడ పుట్టేనాటికి మా పక్క ఊళ్ళు కందుకూరు తాలూకాలో, నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడింది, దానికే 1972లో ప్రకాశం పేరు పెట్టారు. 2022లో కందుకూరు వెనక్కి పోయి నెల్లూరులో కలిసింది, మేము ప్రకాశంలోనే ఉన్నాం. మద్దిపాడు దగ్గర దొడ్డవరంలో పుట్టిన భానుమతి గారికీ ఇదే చిక్కు. ఆవిడ పుట్టినప్పుడు ఒంగోలు పక్కంతా గుంటూరు జిల్లా. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారైతే మరీను. 1946 జూన్ 4న పుట్టారన్న దాంట్లో గొడవ లేదు. పుట్టిన కోనేటమ్మపేటను చాలామంది నెల్లూరు జిల్లా అని రాస్తారు. అది ఈనాడు తమిళనాడులోని తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. నెల్లూరులో ఉన్నది తిప్పరాజువారి వీధిలోని వాళ్ళిల్లు, 2020లో కంచి పీఠానికి వేదపాఠశాల కోసం ఇచ్చినది. 'మా నెల్లూరు బాలు' అనుకోవడంలో తప్పేమీ లేదు, అభిమానం అది. పుట్టిన ఊరు మాత్రం వేరే సంగతి.

బాలు గారి పేజీలు చూస్తున్నప్పుడే పాటల లెక్క దగ్గర ఆగిపోయాను. 40,000 పాటలు అని అన్ని పత్రికలూ రాస్తాయి. పి.సుశీల గారి విషయంలో గిన్నిస్ వాళ్ళు 2016లో గుర్తించిన సంఖ్య 17,695. ఒకటి నోటితో చెప్పే గుండ్రటి అంకె, రెండోది ఎవరో కూర్చుని ఒక్కొక్కటీ లెక్కపెట్టిన అంకె. అప్పట్నుంచి గుండ్రటి అంకె కనపడితే దాని వెనక లెక్కపెట్టినవాళ్ళు ఉన్నారా అని చూడటం అలవాటైంది.

మా ఊరి నటి పేజీలో జిల్లా గొడవ "అప్పటి నెల్లూరు జిల్లా, ఇప్పటి ప్రకాశం జిల్లా" అని రాయడంతో రెండు రోజుల్లో సద్దుమణిగింది.

అసలు యుద్ధం దసరా సెలవుల ముందు మొదలైంది. ఒక కొత్త వాడుకరి 'వ్యక్తిగత జీవితం' అని ఒక పేరా చేర్చారు. ఒక నిర్మాతతో రహస్య వివాహం, ఆస్తులన్నీ పోగొట్టుకోవడం, ఇప్పుడు తిండికి కూడా లేని దీనస్థితి. మూలం ఒక యూట్యూబ్ వీడియో. నోటుపుస్తకం ముందు పెట్టుకుని ఆ వీడియో మూడుసార్లు విన్నాను. పదకొండు నిమిషాలు. ఆవిడ పాత ఫోటోలు, వాటి మీద ఎర్ర బాణాలు, వెనక విషాద సంగీతం. పైన 'చివరి రోజుల్లో' అని పెద్ద అక్షరాలు, మనిషి నిక్షేపంగా ఉండగానే! అందులో వాక్యాల చివరి క్రియలు మాత్రం వరసగా రాసుకున్నాను: అంటుంటారు. చెప్పుకుంటారు. వినికిడి. సినీవర్గాల భోగట్టా. అప్పట్లో గుసగుసలు వినిపించాయి. పిల్లలకు కర్త, కర్మ, క్రియ చెప్పి చెప్పి అలసిన దాన్ని నేను. ఆ పదకొండు నిమిషాల్లో ఆవిడ మీద వేసిన ఒక్క నిందకైనా కర్త లేడు. ఎవరంటుంటారు? ఎవరికి వినికిడి? చెప్పినవాడి పేరు లేని మాటకు రేపు జవాబు చెప్పేది ఎవరు?

పేరా తీసేశాను. ఆయన మళ్ళీ పెట్టారు. మళ్ళీ తీశాను. ఈసారి రెండో మూలం తెచ్చారు, ఒక వెబ్‌సైట్ వ్యాసం. చదివితే ఆ వీడియోలో మాటలే అక్షరాల్లో ఉన్నాయి. మళ్ళీ తీశాను. అప్పుడు మూడోది తెచ్చారు, అది నన్ను నిజంగా ఇరకాటంలో పెట్టింది. పేరున్న దినపత్రిక ఆన్‌లైన్ పేజీ అది. ఆ పత్రికను నేనే వేరే వ్యాసాల్లో మూలంగా వాడాను. "ఇప్పుడేమంటారు మేడం, ఇది కూడా చెత్త మూలమేనా?" అని అడిగారు. ఆయన ప్రశ్న న్యాయమైనదే. ఆ వార్త నిదానంగా చదివాను. విలేకరి పేరు లేదు. ఆవిడతో గానీ, బంధువులతో గానీ మాట్లాడిన జాడ లేదు. మూడో వాక్యంలో ఉంది అసలు సంగతి: "సోషల్ మీడియాలో ఈ వార్త వైరల్ అవుతోంది." అంటే ఆ పత్రిక ఆవిడ గురించి చెప్పడం లేదు, ఆ వీడియో తిరుగుతోందని చెబుతోంది. పత్రిక నమ్మదగినదే అయినా అందులోని ప్రతి వాక్యం నమ్మదగినది కాదు. ఆ ఫలానా మాటను పత్రిక తన పూచీ మీద చెప్పిందా, ఇంకొకరి నోటి మీద పెట్టి తప్పుకుందా అన్నది విడిగా చూసుకోవాలి. ఇంగ్లీషు వికీపీడియాలో కూడా ఐఎండీబీ అనే సినిమా వివరాల వెబ్‌సైట్లో వాడుకరులే నింపే వ్యక్తిగత వివరాలను మూలంగా ఒప్పుకోరు. 2017లో బ్రిటన్ పత్రిక డెయిలీ మెయిల్‌ను మామూలుగా మూలంగా వాడొద్దని చర్చించి తీర్మానించుకున్నారు. కానీ మన తెలుగులో ఏ మూలం పనికొస్తుందో జాబితా చూసి తేల్చేసే వీలు తక్కువ, వార్తను విప్పి చూడక తప్పదు.

మూడుసార్లకు మించి తిరగ్గొడితే నన్నూ రాయనివ్వకుండా నిరోధిస్తారేమోనని భయపడి, వికీపీడియాలో రాసేవాళ్ళంతా మాట్లాడుకునే రచ్చబండ పేజీలో రాశాను. ఒక నిర్వాహకుడు వచ్చి పేజీని ఎవరూ మార్చకుండా రెండు వారాలు సంరక్షణలో పెట్టారు. పేరా తీసేసిన స్థితిలోనే పెట్టారు. బతికున్న మనిషి గురించి సరైన మూలం లేని వివాదాస్పద విషయం ఉంటే ముందు తీసెయ్యాలి, చర్చ తర్వాత. ఈ నియమం ఊరికే రాలేదని ఆయనే వివరించారు. 2005లో జాన్ సీగెన్‌థాలర్ అనే అమెరికా పాత్రికేయుడి పేజీలో ఎవరో, కెనెడీ హత్యలో ఆయన మీద అనుమానం ఉందని పచ్చి అబద్ధం రాశారు. అది నాలుగు నెలలకు పైగా అలాగే ఉండిపోయింది. ఆయన పత్రికలో రాసి బయటపెట్టాకనే లోకానికి తెలిసింది. ఆ తర్వాతే బతికున్నవాళ్ళ జీవిత చరిత్రలకు వేరే నియమాలు రాసుకున్నారు. పిల్లల్ని కాపాడాలని బావి చుట్టూ గోడ కట్టడం లాంటిది ఇది. గోడ ఎందుకుందో తెలిశాక దాని మీద కోపం ఉండదు.

ఆ వారంలోనే ఊళ్ళో ఉండే ఆవిడ మేనకోడలు ఫోన్ చేసింది. "అక్కా, మా అత్త ఆ వీడియో చూసి రెండ్రోజులు అన్నం తినలేదంట. నువ్వు తీయించావని చెప్పాను. ఇంకొక్క పని చెయ్యక్కా. అత్త సొంత ఫ్లాటులో హాయిగా ఉంటోందని, అట్టాంటి పెళ్ళేమీ జరగలేదని కూడా రాసెయ్" అంది. ఆ పిల్ల గొంతులో బాధ విన్నాక కాదనడం ఎంత కష్టమో చెప్పలేను. కానీ రాయలేనన్నాను. మూలం లేని నింద ఎట్లా రాయకూడదో, మూలం లేని సమర్థింపు కూడా అట్లాగే రాయకూడదు. పైగా 'ఫలానా పెళ్ళి జరగలేదు' అని రాస్తే, వినని వాళ్ళకు కూడా ఆ పుకారు నేనే చేరవేసినట్టు. పేజీలో తప్పులుంటే ఆవిడే వికీమీడియా స్వచ్ఛంద బృందానికి ఈమెయిలు రాయొచ్చని, ఏదైనా పత్రికతో తన మాటగా చెబితే అది మూలంగా పనికొస్తుందని చెప్పాను. ఆ పిల్ల కాసేపు మాట్లాడలేదు. "అంతేనా అక్కా" అని పెట్టేసింది. రెండు నెలలు మళ్ళీ పలకలేదు.

సంక్రాంతి సెలవుల్లో ఒంగోలులో పాసింజరెక్కి వేటపాలెం పోయాను. సారస్వత నికేతనం గురించి విననివాళ్ళుంటే చెబుతాను. 1918లో పుట్టిన గ్రంథాలయం. 1929లో గాంధీ గారు శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికల కోసం ఎక్కడెక్కడి పరిశోధకులో అక్కడికి వస్తారు. నా చిన్నప్పుడు అది ప్రకాశం జిల్లాలో ఉండేది, ఇప్పుడు బాపట్ల జిల్లా. నేను వెతికింది అరవైల చివరి నుంచి డెబ్బైల మొదటి దాకా వచ్చిన సినిమా మాసపత్రికల కోసం. కాగితం ముదురు పసుపుకు తిరిగింది, పేజీ మూల పట్టుకుంటే పెళుసుగా విరుగుతుంది. అరచెయ్యి కింద పెట్టి మెల్లగా తిప్పాలి. తిప్పినకొద్దీ సబ్బుల ప్రకటనలు, పాఠకుల ఉత్తరాలు. మధ్యాహ్నం రెండు దాటాక 1971 నాటి ఒక సంచికలో రెండు పేజీల ముఖాముఖి దొరికింది. రెండు జడల అమ్మాయి నవ్వుతున్న ఫోటో. కింద అడిగినవాడి పేరు ఉంది, సంపాదకుడి పేరు ఉంది. "నేను 1951లో పుట్టాను. ఆరో తరగతితో చదువు ఆగింది. మొదటి వేషం సింగరాయకొండ తిరునాళ్ళలో వేశాను." ఊరి పేరులో 'ళ' ఉంది. ఆ అక్షరం మీద వేలు పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను.

పత్రిక పేరు, నెల, సంవత్సరం, పేజీ సంఖ్య రాసుకుని వచ్చాను. ఆన్‌లైన్లో లేని మూలం చెల్లుతుందా అని ఒకరు అడిగారు. చెల్లుతుంది. ఎవరైనా వెళ్ళి చూసుకునే చోట ఉంటే చాలు, ఇంట్లో కూర్చుని నొక్కితే రావాలని లేదు. ఇక 1951 నిజమేనా? ఇరవై ఏళ్ళ నటి పత్రికవాళ్ళకు చెప్పిన వయసు అది, ఒకటి రెండేళ్ళు తగ్గించి చెప్పడం ఆ రోజుల్లో ఉన్నదే. అందుకే సమాచారపెట్టెలో అంకె వెయ్యలేదు. వ్యాసంలో మాత్రం "1951లో పుట్టినట్టు 1971 నాటి ముఖాముఖిలో ఆమె చెప్పారు" అని రాసి సంచిక వివరాలిచ్చాం. 'ఇచ్చాం' అంటున్నాను, ఎందుకంటే ఆ వాక్యం నేనూ, నా మొదటి మార్పును తిరగ్గొట్టినాయనా కలిసి చర్చా పేజీలో నాలుగుసార్లు మార్చి రాసుకున్నది. తిరునాళ్ళలో వేసిన మొదటి వేషం సంగతి కూడా చేర్చాం. అదింతకు ముందు ఇంటర్నెట్లో ఎక్కడా లేదు.

పోర్టల్లో 1949 ఇంకా అలాగే ఉంది. వాళ్ళకు రెండుసార్లు ఈమెయిలు పెట్టాను, జవాబు లేదు.

పేజీ అమ్మకు మళ్ళీ చదివి వినిపించాను. 1951 దగ్గర ఆపింది. "అయితే అది నాకంటే పెద్దదా?" అని చాలాసేపు ఆలోచించింది. తర్వాత "దాని నంబరు కనుక్కోవే, నేనే అడుగుతా" అంది. మేనకోడలికి ఫోన్ చేశాను. ఈసారి ఆ పిల్ల మామూలుగానే మాట్లాడింది, నంబరు ఇచ్చింది. యాభై ఏళ్ళు దాటింది వాళ్ళిద్దరూ మాట్లాడుకుని. అమ్మ స్పీకరు పెట్టమంది, నేను పక్కనే కూర్చున్నాను. బడి వెనక రేగుచెట్టు, అయ్యవారి బెత్తం, తిరునాళ్ళలో కొనుక్కున్న గాజులు, పోయినవాళ్ళ పేర్లు. గంట పైనే మాట్లాడుకున్నారు. పుట్టిన సంవత్సరం అమ్మ అడగలేదు. నేనూ గుర్తుచెయ్యలేదు.